విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు – పరిశోధనా వ్యాసాల బహిరంగ లభ్యత

ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జీతం తీసుకునే ఆచార్యుడొకరు కొన్నేళ్లు శ్రమించి ఒక వ్యాసం వ్రాసి పత్రికకు పంపుతారు. ప్రతిఫలం కోరరు. అది ప్రచురణకు యోగ్యమో కాదో పరిశీలించేవారు వేరే విశ్వవిద్యాలయాలలోని పండితులు. సాధారణంగా వారికీ పారితోషికం ఉండదు. తీరా ఆ వ్యాసం అచ్చయిన పత్రికను అదే విశ్వవిద్యాలయపు గ్రంథాలయం చందా కట్టి తెప్పించుకోవాలి. చందా కట్టలేని చిన్న కళాశాల అధ్యాపకునికి, ఏ సంస్థకూ చెందక ఇంట కూర్చుని చదువుకునే జిజ్ఞాసువుకు, మదరసాలో బోధించే ఉస్తాదుకు ఆ వ్యాసం అందదు.

ఈ స్థితిని మార్చడానికి సాగుతున్న కృషికే ఓపెన్ యాక్సెస్, అనగా బహిరంగ లభ్యత అని పేరు. 2002లో వెలువడిన బుడాపెస్ట్ ప్రకటన దీనిని నిర్వచించింది. పండితుల సమీక్ష పొందిన వ్యాసాన్ని ఎవరైనా ఇంటర్నెట్‌లో రుసుము లేకుండా చదువుకోవచ్చు, ప్రతి తీసుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు. రచయితకు చెందవలసిన గుర్తింపు మాత్రం ఇవ్వవలసిందే.

ఇందులో గ్రంథాలయానికేమి పని అని కొందరు అడుగుతారు. కంప్యూటరులో వ్యాసాలు పెట్టడమే పని అయితే అది పెద్ద విషయమేమీ కాదు. అసలు చిక్కు హక్కుల దగ్గర ఉన్నది. ప్రచురణ సమయంలో రచయిత సంతకం చేసే ఒప్పందం ద్వారా హక్కులు చాలావరకు ప్రచురణకర్త చేతికి పోతాయి. ఆ తరువాత తన వ్యాసాన్ని తానే నలుగురికీ పంచుకోవడానికి రచయితకు అనుమతి కావలసి వస్తుంది.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కళలు, విజ్ఞాన శాస్త్రాల ఆచార్యులు 2008 ఫిబ్రవరి 12న ఏకగ్రీవంగా చేసిన తీర్మానం ఈ చిక్కుకు ఒక మార్గం చూపింది. తాము ఇకపై వ్రాయబోయే పరిశోధనా వ్యాసాలను బహిరంగంగా ఉంచే అనుమతిని వారు ముందుగానే విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. ప్రచురణకర్తతో ఒప్పందం తరువాత జరిగేది గనుక ఈ అనుమతి దానికంటె ముందుదవుతుంది. ఏదైనా ఒక వ్యాసానికి మినహాయింపు కావాలంటే రచయిత అడిగి పొందవచ్చు. అంటే నిర్బంధమూ కాదు, వట్టి అభ్యర్థనా కాదు. ఆమోదం పొందిన తుది వ్రాతప్రతులను సేకరించి తన భాండాగారంలో భద్రపరచే పని గ్రంథాలయం వంతు అయింది.

ఇది సంపన్న సంస్థల సరదా అనుకోరాదు. కొందరు పెద్ద ప్రచురణకర్తల పత్రికలకే ఏటా సుమారు 37.5 లక్షల డాలర్లు కావలసి వస్తున్నదని, కొన్ని పత్రికల వార్షిక చందా 40,000 డాలర్ల దాకా ఉన్నదని 2012లో హార్వర్డ్ ఆచార్యుల సలహా సంఘమే వాపోయింది. హార్వర్డ్ మాటే అదయితే మన జిల్లా కళాశాలల మాట వేరే చెప్పాలా?

బెల్జియంలోని లియేజ్ విశ్వవిద్యాలయం మరింత గట్టి పద్ధతి పాటించింది. అక్కడి భాండాగారంలో చేర్చిన రచనలను మాత్రమే పదోన్నతుల సమయంలో లెక్కలోకి తీసుకుంటామని నియమం పెట్టింది. నా దృష్టిలో ఇంతకంటె ఫలితమిచ్చే ఉపాయం లేదు.

ఇస్లామీయ అధ్యయనాలకు సంబంధించి జర్మనీలోని హాలే విశ్వవిద్యాలయ గ్రంథాలయం చేస్తున్న సేవను ప్రత్యేకించి పేర్కొనవలసి ఉన్నది. జర్మన్ ప్రాచ్యవిద్యా సంఘం 1847లో ప్రారంభించిన పత్రిక పాత సంపుటాలను అది తన మెనాడాక్ సంగ్రహంలో అందరికీ అందుబాటులో ఉంచింది. ఒకప్పుడు వీటిని చూడాలంటే ఏ మహానగరానికో ప్రయాణం కట్టవలసి వచ్చేది.

మన దేశంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ 2002లోనే ఇటువంటి భాండాగారాన్ని నెలకొల్పింది. సిద్ధాంత గ్రంథాల విషయంలో 2009 నాటి యు.జి.సి. నిబంధనలు ఎలక్ట్రానిక్ ప్రతిని తప్పనిసరి చేశాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధగంగలో నేడు లక్షల సంఖ్యలో సిద్ధాంత గ్రంథాలున్నాయి. విశ్వవిద్యాలయాల బీరువాలలో చెదలకు ఆహారమయ్యే గ్రంథాలు ఈ విధంగా వెలుగు చూశాయి.

అయితే ఉన్నంత మాత్రాన దొరకవు. యూనికోడ్ కాని అక్షరాలలో టైపు చేసిన తెలుగు గ్రంథం కంటికి తెలుగుగానే కనిపిస్తుంది, వెతికే యంత్రానికి మాత్రం అది అర్థంలేని గుర్తుల వరుస. పేర్ల సంగతి మరీ చిక్కు. ముహమ్మద్, మొహమ్మద్, మహమ్మద్ అని ఒకే పేరు మూడు విధాలుగా కనిపిస్తుంది. ఖుర్ఆన్ అని ఒకరు, ఖురాన్ అని మరొకరు వ్రాస్తారు. ఈ రూపాలన్నిటినీ ఒకే శీర్షిక క్రిందికి తెచ్చి, సారాంశాన్ని, విషయ సూచికలను సరిచూసి చేర్చేది గ్రంథాలయాధికారి. ఎవరి కంటా పడని పని ఇది. ఇది లేనిచోట బహిరంగ లభ్యత పేరుకే మిగులుతుంది.

మరొక ప్రమాదం కూడా ఉన్నది. అనేక పత్రికలు పాఠకుని వద్ద రుసుము మానివేసి రచయిత వద్ద వసూలు చేస్తున్నాయి. కొన్ని పత్రికలలో ఇది వేల డాలర్లు. గోడ పడిపోలేదు, చదువరి గుమ్మం నుండి రచయిత గుమ్మానికి జరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2019లో ఎల్సెవియర్ సంస్థతో ఒప్పందం వదులుకుని, రెండేళ్ల తరువాత చదువుటకు, ప్రచురించుటకు కలిపి ఒకే ఒప్పందం కుదుర్చుకోగలిగింది. అంతటి బేరమాడే శక్తి ఎన్ని సంస్థలకున్నది? గ్రాంట్లు అంతంత మాత్రమైన చరిత్ర, భాష, మత అధ్యయనాల వారికి భాండాగార మార్గమే తగినది.

భారత ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించి, 2025 జనవరి నుండి అమలు చేసిన ‘ఒక దేశం, ఒకే చందా’ పథకాన్ని కొందరు బహిరంగ లభ్యతగా పొరబడుతున్నారు. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకు అందించే పథకమిది. జిల్లా కళాశాలలకు ఇది గొప్ప మేలే. కాని పేరులో ఉన్నట్లే ఇది చందా. సంస్థల వెలుపలి వ్యక్తికి దీనివల్ల తలుపు తెరుచుకోదు.

మన పాఠకులలో వ్యాసాలు వ్రాసేవారు అనేకులున్నారు. వారు ఒప్పందంపై సంతకం చేయకముందే తమ గ్రంథాలయాధికారిని కలుసుకుని, భాండాగారంలో ఉంచే హక్కు మిగులుతుందో లేదో, ఎన్ని నెలలు ఆగవలసి ఉంటుందో తెలుసుకొనవలెను. సమీక్షకుల సూచనల ప్రకారం దిద్ది ఆమోదం పొందిన తుది ప్రతిని జాగ్రత్త చేసుకొనవలెను. భాండాగారం సాధారణంగా కోరేది ఆ ప్రతినే, అచ్చయిన పుటలను కాదు. దానిలో పత్రిక పుట సంఖ్యలు ఉండవు గనుక, ప్రమాణంగా ఉదహరించేవారి సౌకర్యార్థం వాటిని మార్జిన్‌లో గుర్తించి ఇస్తే మరీ మంచిది.