పిడికెడు బియ్యంతో చర్చి కప్పు బాగవుతుందా?

ఆషాఢమాసం వచ్చిందంటే మా గౌలిపురలో పాలవాడి తర్వాత ఎక్కువగా తలుపు తట్టేది రసీదు పుస్తకాలవాళ్లే. బోనాల చందా, గుడికి రంగుల చందా, మైకు చందా... సరుకుల డబ్బాలో దాచుకున్న నోటు ఒకటి తీసి ఇస్తాం, రసీదును క్యాలెండరు మేకుకి గుచ్చేస్తాం. ఆ డబ్బు దేనికి ఖర్చయిందని మళ్లీ ఎన్నడైనా అడిగామా? నేనైతే అడగలేదు. నిరుడు వానల్లో మా పక్కింటి వదిన చెప్పిన మాట విన్నాకే ఆ ఆలోచన వచ్చింది.

వదినావాళ్లు క్రైస్తవులు. మా ఇంటి బోనం ప్రసాదం వాళ్లింటికి, వాళ్లింటి క్రిస్మస్ కేకు మా ఇంటికి రావడం ఏళ్ల నాటి అలవాటు. ఆ రోజు ఆదివారం ఆరాధన నుంచి తడిసిన చీరతో వచ్చింది. గొడుగు తీసుకెళ్లలేదా వదినా అంటే, "గొడుగు చర్చి లోపల కావాలె వదినా, బయట కాదు" అంది.

"రెండేండ్ల సంది సకినాలు చేసి అమ్మినం. కేకులు చేసినం. కోతపండుగ వేలంల ఒక్క సొరకాయను నూటయాభైకి పాడుకున్నం. అన్నీ కప్పు రిపేరుకనే. పైసలన్నీ గేటు మీది కమానుకు పెట్టిన్రు. దాతల పేర్లు బయట మెరుస్తున్నయి, మేం లోపల బకెట్లు పెట్టుకొని కూసుంటున్నం."

లెక్క అడిగితే ఒక పెద్దాయన "కేకుల సంగతి మీరు చూసుకోండమ్మా, లెక్కలు మేం చూస్తాం" అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏ గుడి అయినా, ఏ మసీదు అయినా, ఏ చర్చి అయినా ఈ మాట మనలో చాలామందికి కొత్తేమీ కాదు కదూ!

మెదక్ చర్చి చెప్పే పాఠం

మెదక్ చర్చిని చూడనివాళ్లు మనలో తక్కువే. ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో పని మొదలై పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో ఊరికే అన్నం పెట్టడం కాకుండా, ఆకలితో ఉన్న కుటుంబాలకు ఆ కట్టడంలో పని ఇచ్చి కడుపు నింపారు. 2024తో ఆ చర్చికి నూరేళ్లు నిండాయి.

గృహిణులుగా మనం గమనించాల్సింది ఇంకొకటుంది. చూసినవాళ్లు ఆహా అనుకునే అక్కడి మూడు రంగుటద్దాల కిటికీలూ ఒక్కసారి పెట్టినవి కావు. 1927లో ఒకటి, 1947లో ఒకటి, 1958లో ఒకటి అమర్చారు. ముందు గోడలూ కప్పూ, తర్వాతే అందాలు! మనం ఇల్లు కట్టుకున్నా అంతే కదా? కురిసే కప్పు వదిలేసి ముందుగదికి షోకేసు చేయించుకుంటామా?

పిడికెడు అంటే చిన్నదా?

పెద్ద దాత దొరికితే తప్ప పని కాదనుకోవడం పొరపాటు. మిజోరంలో క్రైస్తవ స్త్రీలు 1910లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టడం, వాటిని పోగుచేసి అమ్మి చర్చి పనులకు వాడడం. వందేళ్లు దాటినా అది ఆగలేదు. కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతి కూడా పిడికెడు బియ్యం పథకం చెప్పారు. మతమేదైనా బియ్యం డబ్బా మన చేతిలోనే ఉంది!

లెక్క వేసి చూద్దాం. పిడికెడు అంటే సుమారు 50 గ్రాములు. రోజుకొక పిడికెడు అనుకుంటే నెలకు కిలోన్నర. నలభై ఇళ్లు కలిస్తే 60 కిలోలు. కిలో 40 రూపాయలకు అమ్మినా నెలకు 2,400, ఏడాదికి 28,800 రూపాయలు. స్లాబు మొత్తం కొత్తగా వేయడానికి ఇది చాలదు. కానీ ఏటా తూములు బాగుచేయించడానికి, పగుళ్లు పూడ్పించడానికి ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు.

మీ ప్రార్థనాలయానికి నిధులు పోగుచేస్తున్నారా? ఇవి గుర్తుంచుకోండి

* ముందు పని పేరు రాయండి, తర్వాత చందా అడగండి. "అభివృద్ధికి" అంటే ఎటైనా మళ్లించొచ్చు. "కప్పు రిపేరుకు" అని రసీదు మీదే ఉంటే మళ్లించడం కష్టం.

* డబ్బు బ్యాంకులో వేయండి. కనీసం ఇద్దరి సంతకాలు లేనిదే బయటికి రాకూడదు. ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయితే మరీ మంచిది.

* ప్రతినెలా వచ్చినదీ పోయినదీ నల్లబల్ల మీద అందరికీ కనిపించేలా రాయండి.

* పిండివంటలు అమ్మేటప్పుడు నూనె, గ్యాసు, పిండి ఖర్చు కూడా రాసుకోండి. "ఇంట్లోదే కదా" అని వదిలేస్తే లాభమెంతో తెలియదు, మీరిచ్చింది ఎంతో కూడా ఎవరికీ తెలియదు. సకినాలు, చెక్కల వంటి నిలవ ఉండేవి చేస్తే మిగిలినా పాడుకావు.

* విదేశాల్లో ఉన్న పిల్లలు పంపుతామంటే తొందరపడకండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి ఇచ్చేది విదేశీ విరాళం కిందకు రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు.

* తొలకరికి ముందే తూముల్లోని ఆకులు తీయించండి. గోడలో మొలిచిన రావిమొక్కను చిన్నగా ఉండగానే వేళ్లతో సహా తీయించండి.

* పాత డంగుసున్నం గోడలకు సిమెంటు పూయించకండి. లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ ఇంకా పాడవుతుంది. సున్నంపని తెలిసిన మేస్త్రీని వెతకండి. 1591 నాటి మన చార్మినార్‌కే 2019 మేలో మినారు నుంచి గచ్చు పెచ్చు ఊడిపడింది. ఎంత గట్టి కట్టడమైనా కనిపెట్టుకుని ఉండాల్సిందే.

ఒక బకెట్ తగ్గింది

మా వదిన కథ చెప్పడం మరిచాను. ఆ తర్వాతి మీటింగులో ఆమె లేచి నిలబడింది. చెయ్యి వణికిందట. "ఈసారి కోతపండుగకు మేం వంట చేస్తం. కానీ ఆ పైసలు కప్పుకే అని రాసిస్తేనే చేస్తం" అంది. వెనక బెంచీల్లోంచి ఇంకో నలుగురు ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. పెద్దలు గొణిగారు, చివరికి రాసిచ్చారు. లెక్కలు చూడటానికి ఇద్దరు ఆడవాళ్లను కూడా తీసుకున్నారు.

వచ్చిన డబ్బుతో సగం కప్పే బాగయింది. మొన్న వానకు ఎలా ఉందని అడిగితే, "మూడు బకెట్లు పెట్టేటోళ్లం, ఇప్పుడు రెండు" అని నవ్వింది. ఆ రెండు కూడా లేకుండా చేసేదాకా బియ్యం డబ్బా పక్కన చిన్న డబ్బా పెట్టుకుందట.

ఈసారి బోనాల రసీదు పుస్తకం వచ్చినప్పుడు నేనూ ఊరుకోలేదు. "నాయనా, ఇది దేనికి? కిందటేడు లెక్క ఏదీ?" అని అడిగాను. ఆ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, సాయంత్రానికల్లా కాగితం తెచ్చి చూపించారు.

అడిగితే చెప్పేవాళ్లు ఉన్నారు. అడగడమే మనం మరిచిపోయాం. ఏమంటారు?