పదసూచి: వెతకడానికి ముందే జరగాల్సిన పని

పారిస్‌లోని డొమినికన్ మఠంలో 13వ శతాబ్దపు సన్యాసులు లాటిన్ బైబిల్‌ను మాటమాటగా విడదీశారు. సెయింట్ షేర్‌కు చెందిన హ్యూ అనే మతాచార్యుడి పర్యవేక్షణలో జరిగిన ఆ పనికి వాళ్లు పూనుకోవడానికి కారణం బోధకుల అవసరం. ఒక మాట గ్రంథంలో ఎక్కడెక్కడ వచ్చిందో బోధకుడికి వెంటనే తెలియాలి. అప్పటికి బైబిల్‌లో అధ్యాయాలున్నాయి కానీ వచనాలకు అంకెలు లేవు. అందుకని ప్రతి అధ్యాయాన్నీ ఏడు భాగాలుగా ఊహించుకుని, ఒక్కో భాగానికి ఒక్కో అక్షరం పెట్టారు. అలా ప్రతి మాటకూ ఒక చిరునామా ఏర్పడింది. పుస్తకంలో చోటు ముందు, మాట తర్వాత. వాళ్లు తయారుచేసిన పదసూచిలో మాట ముందు, అది దొరికే చోట్లు తర్వాత. వరసను ఇలా తిరగెయ్యడమే అసలు ఆవిష్కరణ. ఇవాళ ఫోనులో ఒక మాట కొట్టి వెతికే ప్రతివారూ వాడుతున్నది దీన్నే. కంప్యూటర్ శాస్త్రంలో దీని పేరు ఇన్వర్టెడ్ ఇండెక్స్.

యంత్రం వెతుకుతుందన్నది మనలో చాలామందికున్న భావన. నిజానికి ప్రశ్న వచ్చేసరికి యంత్రం పని చాలావరకు అయిపోయి ఉంటుంది. పది లక్షల వేర్వేరు మాటలను అకారాది క్రమంలో పేర్చి ఉంచితే, నిఘంటువును మధ్యకు తెరిచినట్టు ప్రతిసారీ సగం కొట్టేసుకుంటూ పోవచ్చు. ఇరవై పోలికల్లో కావలసిన మాట దొరుకుతుంది. రెండు మాటలు అడిగితే రెండు జాబితాల్లోనూ ఉన్న పేజీలు ఏరితే చాలు. అవి పక్కపక్కనే ఉండాలంటే, ఒక్కో పేజీలో ఎన్నో మాటగా వచ్చాయో కూడా ముందే రాసిపెట్టుకోవాలి. కాబట్టి వెతుకులాట ఎంత బాగుంటుందన్నది అడిగే క్షణంలో తేలేది కాదు. సూచి తయారుచేసినవాళ్లు మూల పాఠాన్ని ఎంత బాగా చదివారన్న దాన్నిబట్టి అది ముందే తేలిపోతుంది. నా వాదమంతా ఈ ఒక్క విషయం మీదే. పుస్తకాన్ని ఇంటర్నెట్‌లో పెట్టడం వేరు, వెతకడానికి వీలుగా ప్రచురించడం వేరు. తెలుగులో మొదటి పని చాలా జరిగింది, రెండోది కొద్దిగానే జరిగింది.

రెండో పని ఎంత బరువైనదో ఇటలీకి చెందిన జెసూట్ ఫాదర్ రొబెర్తో బూజా జీవితం చెబుతుంది. క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ రచనల్లో ‘ఇన్’ అనే చిన్న విభక్తి మాట వాడుకను తెలుసుకోవడానికి ఆయన చేత్తో పదివేల కార్డులు రాశారు. ఇలా అయితే జన్మ చాలదని తెలిసి, 1949లో ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్‌ను కలిసి పంచ్ కార్డు యంత్రాల సాయం అడిగారు. అక్వినాస్ రచనలకు అలా తయారైన కోటికి పైగా మాటల సూచి 1974 నుంచి 1980 వరకు 56 సంపుటాలుగా అచ్చయింది. తర్వాత సీడీ మీదికి, 2005లో ఇంటర్నెట్ మీదికి వచ్చింది. యంత్రం పనిచేసిన గంటల కంటే మనుషులు పనిచేసిన గంటలు ఎన్నో రెట్లు ఎక్కువ. ఒకే క్రియ ధరించే రకరకాల రూపాలను దాని మూలరూపం కింద చేర్చడం అప్పటి యంత్రానికి చేతకాలేదు. అది లాటిన్ తెలిసినవాళ్లు కూర్చుని చేసిన పని. ఆ కార్డుల మీద అక్షరాలు కొట్టినవాళ్లలో ఎక్కువమంది యువతులు. వాళ్ల శ్రమకు చరిత్రలో దక్కవలసిన చోటు చాలాకాలం దక్కలేదు.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. 1972లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ ప్రాంగణంలో ప్రాచీన గ్రీకు సాహిత్యాన్నంతా కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మొదలై, పది కోట్ల మాటలు దాటింది. అదే ఏడాది బ్రిటన్‌లో కారెన్ స్పార్క్ జోన్స్, తక్కువ చోట్ల కనిపించే మాటకు ఎక్కువ బరువివ్వాలని చూపించారు. ‘నాగలి గురించి’ అని వెతికితే ‘గురించి’ అన్నిచోట్లా ఉంటుంది, దారి చూపేది ‘నాగలి’. 1995 డిసెంబరులో వచ్చిన ఆల్టావిస్టా, పేజీల్లోని పూర్తి పాఠాన్ని సూచిలోకి ఎక్కించి జనం చేతికిచ్చింది. మూడేళ్లకు గూగుల్ వచ్చింది. పరికరాలు ఎన్ని మారినా లోపల ఉన్నది పారిస్ మఠంలో పుట్టిన జాబితానే.

ఈ జాబితా తెలుగు దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. ఖాళీకీ ఖాళీకీ మధ్య ఉన్నదే మాట అని యంత్రం అనుకుంటుంది. మన భాషలో చెట్టు, చెట్టుకు, చెట్లు, చెట్లలోంచి, చెట్టెక్కి అన్నవి యంత్రానికి ఐదు వేరే మాటలు. నిఘంటువులో ‘వచ్చు’ వకారం కింద ఉంటే ‘రాలేదు’, ‘రమ్మని’ రేఫం కింద పడతాయి. ఆ రెండూ ఒక క్రియే అని భాష తెలిసినవాళ్లు చెప్పకపోతే సూచికి తెలియదు. స్పార్క్ జోన్స్ కొలత కూడా ఇక్కడ దారి తప్పుతుంది. ‘చెట్లలోంచి’ అనే రూపం అరుదుగా కనిపిస్తుంది గనక, చెట్టు అరుదైన మాటేమో అన్నంత బరువు దానికి వచ్చిపడుతుంది. వర్ణక్రమం మరో చిక్కు: పెళ్లి, పెళ్ళి రెండూ ఒప్పే, పాత పుస్తకాల్లో అరసున్నలూ బండి రాలూ ఉంటాయి. ‘ఫేస్‌బుక్’ లాంటి మాటలో పొల్లు నిలబడటానికి కంటికి కనిపించని ఒక గుర్తు వాడతాం. ఆ గుర్తు ఉన్న మాటా లేని మాటా యంత్రానికి ఒకటి కావు. పదాన్ని మూడేసి అక్షరాల ముక్కలుగా సూచిలో పెడితే కొంత మేలు. చెట్టెక్కినవాడు దొరుకుతాడు. రానివాడు మాత్రం ‘వచ్చు’ కింద ఎన్నటికీ దొరకడు.

మనకు పదసూచి కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన నన్నయ పదప్రయోగ కోశం చేతిశ్రమతో తయారైన మేలైన సూచి. 1852లో మొదట అచ్చయిన బ్రౌన్ నిఘంటువును షికాగో విశ్వవిద్యాలయం వెతికే రూపంలో ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆంధ్రభారతి వెబ్‌సైట్ ఎన్నో నిఘంటువులను ఒకేచోట వెతికే వీలు కల్పించింది. తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు పేజీ పేజీ సరిచూస్తూ పాత పుస్తకాలను పాఠంగా మారుస్తున్నారు. తెలుగువాడైన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల పథకం, దానికి తోడైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేయించాయి. వాటి మేలు చిన్నది కాదు, అవి లేకపోతే ఎన్నో పుస్తకాలు చెదలపాలయ్యేవి. కానీ స్కాన్ అంటే పేజీ ఫొటో. పుస్తకం పేరు తప్పుగా ఎక్కితే అసలా పుస్తకమే దొరకని పరిస్థితి.

బొమ్మలోని అక్షరాలను యంత్రమే చదువుతోంది కదా, ఇంత తాపత్రయం ఎందుకని అడగవచ్చు. ఆ చదువు నిజంగానే బాగా మెరుగైంది, దాన్ని వాడుకోవాల్సిందే. అయితే అరిగిన అచ్చు అక్షరాల్లో ప, వ తారుమారైతే ‘పాడి’ కాస్తా ‘వాడి’ అవుతుంది. చదివేవాడు సందర్భాన్నిబట్టి సర్దుకుంటాడు. సూచిలో మాత్రం ఆ మాట తనది కాని చోట చేరి, వెతికినవాడికి కనిపించకుండా పోతుంది. తప్పుగా దొరికినది కంటికి తెలుస్తుంది, దొరకనిది దొరకలేదని కూడా తెలియదు. అందుకే మనిషి సరిచూడటం తప్పదు.

గూగుల్ ఉండగా వేరే పాఠాల భాండాగారాలు ఎందుకన్నది ఇంకా గట్టి అభ్యంతరం. సాధారణ వెతుకుడు యంత్రం మంచి పది పేజీలు ముందు పెట్టడానికి తయారైంది. ఒక మాట మొదట ఎవరు వాడారు, ఏ అర్థంలో, ఎన్నిసార్లు అని అడిగేవాడికి పది చాలవు, అన్నీ కావాలి. అన్నీ ఇచ్చామని పూచీ పడగలది హద్దు తెలిసిన భాండాగారమే. పైగా కంపెనీ సేవ కంపెనీ ఇష్టం. బ్లాగులను వెతకడానికి 2005లో మొదలైన గూగుల్ సేవ పదేళ్లు నిండకుండానే కనుమరుగైంది. బ్లాగులను ఒకచోట చూపిన కూడలి లాంటి వెబ్‌సైట్లలో చేరిన తెలుగు బ్లాగుల్లో ఈ భాష అచ్చు గడప దాటి విరివిగా రాయబడింది. ఆ రాతను దాచుకునే బాధ్యత ఇంకెవరిదో అనుకోకూడదు. ఇక ఎవరి హక్కులకూ భంగం రాకుండానే చేయదగిన పని చాలా ఉంది: మన చట్టం ప్రకారం రచయిత కన్నుమూసిన తర్వాత 60 ఏళ్లకు రచన అందరిదీ అవుతుంది.

ఇప్పటికే కంప్యూటర్‌లో ఉన్న పాఠానిది మరో చిక్కు. అన్ని లిపుల అక్షరాలకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా అచ్చుకు వెళ్లే పేజీలు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ‘అను’ వంటి, యూనికోడ్ కాని పాత ఫాంట్లలోనే తయారయ్యాయి. వాటి పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం తీసి చూస్తే పిచ్చి గీతలు వస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉచితంగా దొరుకుతున్నాయి. ప్రచురణకర్తలారా, పత్రికల సంపాదకులారా, డీటీపీ కేంద్రాల మిత్రులారా, మీ పాత హార్డ్ డిస్కుల్లో ఉన్న ఆ ఫైళ్లను చెడిపోకముందే మార్చి, హక్కులు అనుమతించిన మేరకు పాఠంగా బయటపెట్టండి. వాటిని ఇంకొకరు మళ్లీ టైపు చేయనక్కరలేదు.