ఉక్కు ఊళ్లో రెండు పగళ్లు

రెండు రోజులు సెలవు దొరికితే మనవాళ్లు అరకుకో పూరీకో ఊటీకో టికెట్లు వెతుకుతారు. జంషెడ్‌పూర్ వెళ్దామంటే 'అక్కడేముంది, ఫ్యాక్టరీ తప్ప?' అంటారు. ఉన్నది ఫ్యాక్టరీయే, చూడాల్సిందీ దాన్నే. ఆ ఊళ్లో తోట, చెరువు, స్టేడియం, ఆస్పత్రి, చెట్ల నీడన సాగే వెడల్పాటి రోడ్డు... ఏది చూసినా దాని వెనక కొలిమి ఉంటుంది. ఆ కొలిమిని మధ్యలో పెట్టుకుని ప్రయాణం వేసుకుంటే రెండు రోజులు చాలవనిపిస్తుంది. దాన్ని వదిలేసి 'చూడదగ్గ ప్రదేశాల' జాబితా పట్టుకుని తిరిగితే రెండో రోజు మధ్యాహ్నానికే విసుగొస్తుంది.

ముందు నెల తేల్చుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆ చోటా నాగ్‌పూర్ ఎండ మన రామగుండం ఎండకు తీసిపోదు. అక్టోబరు నుంచి మార్చి మొదటి వారం దాకా హాయిగా ఉంటుంది. ఆ కాలంలోనూ మంచి అదనులు కొన్ని ఉన్నాయి. నవంబరు 15న బిర్సా ముండా జయంతినాడు 'సంవాద్' మొదలవుతుంది. దేశం నలుమూలల ఆదివాసీలు అయిదు రోజులపాటు అక్కడికి చేరతారు. మార్చి 3 ఈ ఉక్కు కర్మాగారాన్ని తలపెట్టిన జంషెట్జీ టాటా జయంతి. ఆ రోజుల్లో జూబిలీ పార్కు మొత్తం దీపాలతో నిండిపోతుంది, హోటల్ గది దొరకడం మాత్రం కష్టం. నన్నడిగితే జనవరి మధ్యలో, సరిగ్గా మన సంక్రాంతి రోజుల్లో వెళ్లమంటాను. అది టుసు పండగ. మన పల్లెల్లో గొబ్బి పాటల్లాగే అక్కడి ఆడపిల్లలు పుష్యమాసమంతా టుసు పాటలు పాడి, సంక్రాంతినాడు రంగు కాగితాలతో అలంకరించిన చౌడళ్లనే పల్లకీల్లాంటి బొమ్మలను నెత్తిన పెట్టుకుని నదికి తీసుకెళ్లి నిమజ్జనం చేస్తారు. ఉక్కు రాకముందు నుంచీ ఆ నేల మీద ఉన్న పండగ అది.

రైలు టికెట్ కోసం వెతికేటప్పుడు జంషెడ్‌పూర్ అని కాదు, టాటానగర్ అని చూడాలి. మన కోస్తా నుంచి నేరుగా వెళ్లే బండి మీకు కావాల్సిన రోజున లేకపోయినా బెంగ లేదు. హౌరా వైపు వెళ్లే రైళ్లు చాలావరకు ఖరగ్‌పూర్‌లో ఆగుతాయి. అక్కడ దిగి ముంబయి లైను పట్టుకుంటే టాటానగర్ 134 కిలోమీటర్లే. విమానంలో వెళ్లేవాళ్లు రాంచీలో దిగి రోడ్డున రావాలి. బస సాక్చీలో గానీ బిష్టూపూర్‌లో గానీ చూసుకోండి. మిగతా చోట్ల గది నాలుగు డబ్బులు తక్కువకు వచ్చినా ఆ మిగులు ఆటోలకే పోతుంది.

ఇంకో మాట. 'ఎలాగూ అంతదూరం వెళ్తున్నాం కదా' అని రాంచీ జలపాతాలను కూడా ఈ రెండు రోజుల్లోకి ఇరికిస్తారు కొందరు. అలా చేస్తే హుండ్రూ జలపాతమూ దక్కదు, జంషెడ్‌పూరూ దక్కదు, సగం సెలవు కారులోనే గడిచిపోతుంది. రాంచీకి వేరే సెలవు పెట్టుకోవడమే మేలు.

మొదటి ఉదయం అందరూ జూబిలీ పార్కుకు పరుగెడతారు. మీరు సోనారీ వైపు వెళ్లండి, దొముహానీకి. సువర్ణరేఖ, ఖర్‌కాయ్ నదులు కలిసే చోటు అది. సాయంత్రం అక్కడ జనం కిటకిటలాడతారు, పొద్దున్నయితే నీళ్ల ఒడ్డున తాపీగా నిలబడి ఆలోచించుకోవచ్చు. ఈ ఊరు ఇక్కడే ఎందుకు పుట్టిందో ఆ నీళ్లను చూస్తే అర్థమవుతుంది. 1904లో పి.ఎన్.బోస్ అనే భూగర్భ శాస్త్రవేత్త మయూర్‌భంజ్ సంస్థానంలో మేలైన ఇనుప ఖనిజం ఉందని జంషెట్జీకి ఉత్తరం రాశాడు. ఆ ఏడాదే జంషెట్జీ జర్మనీలో కన్నుమూశాడు. ఉక్కు కర్మాగారం కట్టే పనిని కొడుకు దొరాబ్జీ అందుకున్నాడు. దక్షిణాన గోరుమహిసానీ కొండల్లో ఖనిజం, ఉత్తరాన ఝరియాలో బొగ్గు ఉన్నాయి. ఆ రెంటికీ మధ్య, ఎండాకాలంలోనూ నీరు దొరికే చోటు కావాలి. సినీ అనే ఊరు దాదాపు ఖాయమైంది కూడా. 1907 చివర్లో అమెరికన్ నిపుణులు పెరిన్, వెల్డ్‌లతో కలిసి పనిచేస్తున్న శ్రీనివాసరావు అనే సర్వేయర్ ఈ నదుల దగ్గరి సాక్చీ పల్లెను గుర్తించాడు. నీళ్లున్నాయి, కాలిమాటి రైల్వే స్టేషనూ దగ్గరలోనే ఉంది. అలా సినీ పక్కకు పోయింది, సాక్చీ నిలిచింది.

దొముహానీ నుంచి సోనారీలోనే ఉన్న ట్రైబల్ కల్చర్ సెంటర్‌కు వెళ్లండి. ఈ ఊరికి వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది దాన్ని చూడరు. నా లెక్కలో జూబిలీ పార్కు కన్నా ముందు చూడాల్సిందదే. సంతాల్, హో, ముండా, ఒరావ్ జనం వాడిన వాద్యాలు, నగలు, పనిముట్లు, వాళ్ల ఇంటి తీరు అక్కడ కనిపిస్తాయి. సాక్చీ, బిష్టూపూర్, జుగ్‌సలాయ్, బెల్డీ అంటూ ఇవాళ మనం ఆటోవాడికి చెప్పే పేర్లన్నీ ఒకప్పటి పల్లెలవే. పేర్లు మిగిలాయి, పొలాలు పోయాయి. ఉక్కు కర్మాగారాన్ని ఎంతయినా మెచ్చుకుందాం, మెచ్చుకోవాల్సింది చాలానే ఉంది కూడా. కానీ ఆ నేల ఎవరిదో తెలుసుకున్నాకే మెచ్చుకుందాం. విశాఖ ఉక్కు కోసం ఊళ్లు వదిలిన నిర్వాసితుల బాధ దశాబ్దాలుగా వింటున్న మనకు ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నానికి బిష్టూపూర్ చేరుకోండి. తిండికి హోటల్ కన్నా బండి మేలు. లిట్టీ-చోఖా నిప్పుల మీద కాలుస్తుండగానే తినాలి, చల్లారితే గట్టిపడుతుంది. బియ్యం, శనగపప్పు రుబ్బి నూనెలో వేయించే ధుస్కా, దాని పక్కన ఘుగ్నీ తోడుంటే ఇంక భోజనం అక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్లడానికి ఫకీరా చనాచూర్ ఒక పొట్లం కట్టించుకోండి, ఆ ఊరివాళ్లకు అదంటే ప్రాణం. బిష్టూపూర్‌లోనే ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి కర్మాగారంలో పనికి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు తరాలుగా ఈ ఊళ్లో ఉన్నాయి. గుళ్లో కాసేపు కూర్చుంటే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది, మధ్యమధ్య హిందీ కలుస్తుంది. పెద్దవాళ్లెవరైనా కనిపిస్తే పలకరించండి. ఏ గైడూ చెప్పలేని ఊరి చరిత్ర వాళ్ల దగ్గర ఉంటుంది: ఏ పేటలో ఎవరు ఎప్పుడొచ్చి చేరారు, క్వార్టర్లు ఎలా దొరికేవి, రిటైరయ్యాక ఎందుకు వెనక్కి వెళ్లలేదు...

తర్వాత షిఫ్టు. ఈ ప్రయాణంలో గడియారం చూసుకుని వెళ్లాల్సింది దీనికొక్కదానికే. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది గంటలకు షిఫ్టు మారుతుంది. రెండు గంటల వేళ కర్మాగారం గేటు చుట్టుపక్కల ఏదైనా టీ కొట్టు దగ్గర నిలబడండి. లోపలికి వెళ్లేవాళ్లూ బయటికొచ్చేవాళ్లూ ఎదురెదురుగా సాగుతుంటే ఊరు ఊపిరి తీసుకునే తీరు తెలుస్తుంది. ఎనిమిది గంటల పనిదినం ఈ గేటు లోపల 1912లోనే వచ్చింది, చట్టంగా దేశమంతటికీ 1948లో గానీ రాలేదు. 1920 కల్లా ప్రావిడెంట్ ఫండ్, జీతంతో కూడిన సెలవు కూడా వచ్చాయి. అన్నీ యజమాని దయ వల్లే వచ్చాయని మాత్రం అనుకోకూడదు. 1920, 1922, 1928లలో ఇక్కడ పెద్ద సమ్మెలు జరిగాయి. కార్మిక సంఘం గుర్తింపు వ్యవహారంలో 1925లో గాంధీజీ వచ్చారు. ఆ తర్వాత సుభాష్‌చంద్ర బోస్ ఇక్కడి లేబర్ అసోసియేషన్‌కు అధ్యక్షుడిగా ఉన్నారు. పర్యాటక కరపత్రాల్లో ఈ భాగం కనిపించదు. సమ్మెల కథ తెలియకుండా ఈ ఊరు చూడటమంటే సగం చూసినట్టే.

కర్మాగారం లోపలికి వెళ్లాలని ఉంటే ముందస్తు అనుమతి ఉండాలి. ఊరికి చేరాక ప్రయత్నించి లాభం లేదు. ప్రయాణం ఖాయమైన రోజే ఆ పని మొదలుపెట్టండి. కాళ్లకు బూట్లు, ఒంటికి నూలు బట్టలు ఉంచుకోండి. అనుమతి దొరక్కపోతే దిగులు పడక రూసీ మోదీ సెంటర్‌కు వెళ్లండి. హఫీజ్ కాంట్రాక్టర్ గీసిన పిరమిడ్ల భవనం అది. టాటాల ఉక్కు కంపెనీ పాత కాగితాలు, ఫొటోలు అక్కడే ఉన్నాయి. 1907లో స్వదేశీ ఉద్యమం వేడి మీదున్నప్పుడు షేర్లు అమ్మకానికి పెడితే మూడు వారాల్లో సుమారు 8,000 మంది భారతీయులు పెట్టుబడి పెట్టిన కథ, 1911 డిసెంబరులో తొలి ఇనుము, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు వచ్చిన కథ అక్కడ నెమ్మదిగా చూడొచ్చు. టాటాలు రైలు పట్టాలు చేయగలిగితే ఆ ఉక్కునంతా తింటానని రైల్వే ఉన్నతాధికారి ఫ్రెడరిక్ అప్‌కాట్ సవాలు విసిరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా దాకా వెళ్లిన పట్టాలు ఇక్కడివే. దానికి కృతజ్ఞతగా 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలిమాటి స్టేషన్ టాటానగర్ అయింది.

సాయంత్రం వేళ దొరాబ్జీ టాటా పార్కులో వజ్రం ఆకారంలో ఒక కట్టడం కనిపిస్తుంది. దాని ముందు ఫొటో దిగేసి వెళ్లిపోకండి. 1924లో కంపెనీ దివాలా అంచున నిలబడింది, జీతాలివ్వడానికే డబ్బుల్లేవు. దొరాబ్జీ తన సొంత ఆస్తినంతా ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టు పెట్టి కోటి రూపాయలు తెచ్చాడు. అందులో భార్య మెహర్‌బాయి వజ్రం కూడా ఉంది. జూబిలీ అనే ఆ వజ్రం 245 క్యారట్లు, మన కొల్లూరు గనిలో పుట్టిందని చెప్పే కోహినూర్ ఇప్పటి బరువుకు రెట్టింపు పైమాటే. కంపెనీ నిలబడింది, వజ్రం విడిపించుకున్నారు. 1931లో మెహర్‌బాయి రక్త క్యాన్సర్‌తో చనిపోయారు, మరుసటి ఏడు దొరాబ్జీ కూడా పోయారు. తర్వాత ఆ వజ్రాన్ని అమ్మిన డబ్బు దొరాబ్జీ పేరిటి ట్రస్టుకు చేరింది. ఆమె పేరు మీద ఉన్న క్యాన్సర్ ఆస్పత్రి ఆ పార్కు ఎదురుగానే ఉంది. రెంటినీ కలిపి చూస్తేనే ఆ కట్టడం అక్కడెందుకుందో తెలుస్తుంది.

చీకటి పడుతుండగా జూబిలీ పార్కుకు వెళ్లండి. కంపెనీ స్వర్ణోత్సవ కానుకగా 1958 మార్చిలో నెహ్రూ దీన్ని ప్రారంభించారు. మైసూరు బృందావనం తోటల నమూనాలో వేసిన మెట్ల తోట, ఫౌంటెన్లు రాత్రి దీపాల్లోనే బాగుంటాయి. అయితే నాకు ఈ తోట కన్నా తోట దాకా తెచ్చే రోడ్లే ఎక్కువ నచ్చుతాయి. వీధులు వెడల్పుగా ఉండాలని, త్వరగా పెరిగే నీడ చెట్లు వేయాలని, ఆటలకు మైదానాలు, అన్ని మతాల ప్రార్థనకూ చోటు వదలాలని జంషెట్జీ 1902లోనే, ఊరు ఎక్కడ కడతారో తేలకముందే, కొడుక్కి రాశాడు. తర్వాత కెన్నెడీ-సాహ్లిన్ సంస్థ, ఎఫ్.సి.టెంపుల్, స్టోక్స్, ఓటో కోనిగ్స్‌బర్గర్ ఒకరి తర్వాత ఒకరు ఊరి ప్లాను గీశారు. కోనిగ్స్‌బర్గర్ ఆ తర్వాత భువనేశ్వర్‌కు ప్లాను వేశాడు.

రెండో రోజు పొద్దున్నే దల్మా కొండలకు బయల్దేరాలి. ఆలస్యమైతే ఎండెక్కుతుంది. సాల, ఇప్ప చెట్ల అడవి అది, ఏనుగుల అభయారణ్యం. ఏనుగులు కనిపిస్తాయని పిల్లలకు మాటివ్వకండి. వానలు వెళ్లాక మందలు బెంగాల్ వరి పొలాల వైపు వెళ్లిపోతాయి, ఎండాకాలానికి నీళ్ల కోసం తిరిగొస్తాయి. మనం వెళ్లే చల్లటి నెలల్లో అవి ఊరికి దూరంగానే ఉంటాయి. ఏనుగుల కోసం కాదు, పైనుంచి కింద ఊరిని చూడటం కోసం ఎక్కండి. నది, పొగ గొట్టాలు, చెట్ల మధ్య ఇళ్లు ఒక్క చూపులో కనిపిస్తాయి. కర్మాగారం ఎంత చోటు ఆక్రమించిందో నేల మీద తిరిగినప్పుడు తెలియదు. దిగేటప్పుడు డిమ్నా చెరువు గట్టు మీద ఒక గంట కూర్చోవచ్చు. ఊరికి నీళ్లివ్వడానికి కట్టిన చెరువది, విహారానికి తవ్వింది కాదు.

మధ్యాహ్నం తర్వాత ఓపికుంటే టెల్కో వైపు వెళ్లండి. 1945లో రైలింజన్ల కోసం మొదలై ఇవాళ టాటా మోటార్స్ అయిన కంపెనీ పేట అది. అక్కడ ఖరంగాఝార్‌లో గుట్ట మీదున్న భువనేశ్వరి ఆలయ గోపురం దక్షిణాది పద్ధతిలో ఉంటుంది. ఓపిక లేకపోతే మానేయండి, సాక్చీ బజారులో తిరగండి. దుకాణాల బోర్డుల మధ్య ఒక్క వీధిలోనే బెంగాలీ, ఒడియా, భోజ్‌పురి, పంజాబీ వినిపిస్తాయి. కొలిమి పని కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్ల పిల్లలు, మనవలే ఆ మాట్లాడేవాళ్లు.

తిరుగు ప్రయాణంలో హౌరా మీదుగా రిజర్వేషన్ దొరికితే అదే తీసుకోండి. బండ్ల మధ్య మూడు, నాలుగు గంటల విరామం ఉండేలా చూసుకుంటే స్టేషన్ బయటికొచ్చి హౌరా వంతెన మీద అటూ ఇటూ నడవొచ్చు. 1943లో తెరిచిన ఆ వంతెనకు 26,500 టన్నుల ఉక్కు పట్టింది. యుద్ధం వల్ల ఇంగ్లండ్ నుంచి రావాల్సింది ఆగిపోతే అందులో 23,000 టన్నులు జంషెడ్‌పూర్ కొలిమే పంపింది.