గ్రామీణ స్వతంత్ర సాంకేతిక సలహావృత్తి: స్వరూపం, భాష, బాధ్యత – వేంసూరు మండల నేపథ్యం

వ్యాససంగ్రహం:

ప్రభుత్వ సేవలు, బ్యాంకు లావాదేవీలు, భూమి రికార్డులు కంప్యూటరు తెరమీదికి చేరిన తరువాత గ్రామీణ ప్రాంతాలలో ఒక కొత్త వృత్తి రూపుదిద్దుకుంది. ఏ సంస్థకూ ఉద్యోగి కాకుండా, ఏ వస్తువునూ అమ్మకుండా, సాంకేతిక సమస్యలకు పరిష్కారం చూపి రుసుము తీసుకొనే వ్యక్తిని ఈ వ్యాసంలో 'స్వతంత్ర సాంకేతిక సలహాదారు' అని వ్యవహరించడమైంది. ఈ వృత్తికి గల చారిత్రక పూర్వరంగాన్ని, ఆర్థిక స్వరూపాన్ని, ఖాతాదారుతో జరిగే సంభాషణలోని భాషాంశాలను, నైతిక బాధ్యతలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: సాంకేతిక సలహా, ఖాతాదారు, మీసేవ, భూమి రికార్డులు, పేర్ల లిప్యంతరీకరణ, వ్యవహార భాష.

1. ప్రవేశిక:

వేంసూరు ఖమ్మం జిల్లాలోని మండల కేంద్రం. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఇది కల్లూరు రెవెన్యూ డివిజన్‌లో ఉంది. ఒకప్పుడు వేంసూరు పేరుతోనే శాసనసభ నియోజకవర్గం ఉండేది. 1973 నుండి 1978 వరకు ముఖ్యమంత్రిగా పనిచేసిన జలగం వెంగళరావు ఆ నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించారు. సత్తుపల్లి దీనికి సమీపంలోని వాణిజ్య కేంద్రం. వరి, మామిడితోపాటు సత్తుపల్లి, అశ్వారావుపేట ప్రాంతాలలో విస్తరించిన ఆయిల్‌పామ్ సాగు ఇక్కడి రైతు జీవనంలో భాగమైంది.

ఈ ప్రాంతం ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు చేరువలో ఉండటం ప్రస్తుత చర్చకు ముఖ్యమైన అంశం. సరిహద్దుకు ఇరువైపులా బంధుత్వాలూ భూములూ ఉన్న కుటుంబాలకు 2014 తరువాత రెండు ప్రభుత్వ వ్యవస్థలతో పని పడింది. ఒకవైపు తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి, దాని స్థానంలో 2025లో వచ్చిన భూభారతి. మరొకవైపు ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుండి ఉన్న మీభూమి, 2019లో ఏర్పడిన గ్రామ, వార్డు సచివాలయాలు. భూమి వెతికే తీరు, దరఖాస్తు నమూనా, అధికారుల హోదాలు రెండు చోట్లా వేరు. ఒకే కుటుంబానికి రెండు విధానాలనూ విడమరచి చెప్పగలిగిన మనిషి అవసరం ఇక్కడ సహజంగా ఏర్పడుతుంది.

2. చారిత్రక పూర్వరంగం:

పాలనకూ ప్రజకూ నడుమ అక్షరం తెలిసిన మధ్యవర్తి తెలుగు గ్రామానికి కొత్త కాదు. ఆంధ్ర ప్రాంతంలో కరణం, నిజాం పాలిత తెలంగాణలో పట్వారీ ఆ స్థానంలో ఉండేవారు. పహాణీ ఎలా చదవాలో, ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో వారికే తెలుసు. వారి అధికారానికి మూలం భూమి కాదు, భూమిని గురించిన సమాచారం. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఈ పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. పదవి పోయినా, కాగితాన్ని మనిషికి అర్థం చేయించే అవసరం మిగిలే ఉంది. రిజిస్ట్రేషన్ కార్యాలయాల ముందు కూర్చొనే దస్తావేజు లేఖరులు, ఊళ్లలో ఉత్తరాలు, అర్జీలు రాసిపెట్టే చదువరులు ఆ అవసరాన్ని కొంతవరకు తీర్చారు.

కంప్యూటరు యుగంలో ఈ పరంపర మరో మలుపు తిరిగింది. 1999లో ట్విన్స్ పేరుతో హైదరాబాదులో ప్రయోగాత్మకంగా మొదలైన ఏకగవాక్ష సేవా విధానం 2001లో ఈ-సేవగా, 2011లో మీసేవగా రూపాంతరం చెందింది. డిజిటల్ సంతకంతో కూడిన ధ్రువపత్రాన్ని దగ్గరలోని కేంద్రంలోనే పొందే వీలు మీసేవ ద్వారా కలిగింది. 2010లో ఆధార్ నమోదు, 2016లో యూపీఐ, 2017లో వస్తు సేవల పన్ను మొదలైన తరువాత చిన్న కిరాణా వ్యాపారి నుండి కౌలు రైతు వరకు అందరూ ఏదో ఒక తెర ముందు నిలబడవలసి వచ్చింది. స్వతంత్ర సాంకేతిక సలహాదారుకు చోటు ఏర్పడింది ఈ దశలోనే.

3. సలహాదారు ఎవరు? ఎవరు కారు?

ఈ వృత్తిని నిర్వచించాలంటే దానికి సమీపంలోని మూడు వృత్తుల నుండి వేరుచేసి చూడాలి. మొదటివారు మీసేవ నిర్వాహకులు. వారు నిర్ణీత సేవలను నిర్ణీత రుసుముకు అందించే అధీకృత ప్రతినిధులు. ఎన్ని దరఖాస్తులు పంపితే అంత రాబడి. దరఖాస్తు ఎందుకు తిరస్కరణకు గురైందో విశ్లేషించే తీరిక ఆ పద్ధతిలో తక్కువ. రెండవవారు కంప్యూటర్, సెల్‌ఫోన్ దుకాణదారులు. వారి లాభం వస్తువు అమ్మకంలో ఉంది. పాత యంత్రంతో పని జరుగుతుందని చెప్పడం వారి వ్యాపారానికి నష్టం. మూడవవారు పైరవీకారులు. వారు అమ్మేది పరిచయం.

సలహాదారు అమ్మేది నిర్ణయసామర్థ్యం. "కొత్త ప్రింటరు అక్కరలేదు, ఈ పాతదానికి సరైన డ్రైవరు వేస్తే చాలు" అని చెప్పగలగడమే ఆ వృత్తికి గీటురాయి. వస్తువు మీద కమీషన్ తీసుకొంటే ఆ మాటకు విలువ తగ్గుతుంది. కనుక తన రాబడి ఎక్కడి నుండి వస్తుందో ఖాతాదారుకు ముందే తెలియజేయడం ఈ వృత్తిలో తొలి నియమం.

4. ఆర్థిక స్వరూపం:

మండల స్థాయిలో ఈ వృత్తి రాబడి ప్రధానంగా మూడు రూపాలలో ఉంటుంది. ఒకటి, పనికి ఇంత అని తీసుకొనే రుసుము. రెండు, గంటల లెక్కన తీసుకొనేది. మూడు, ప్రైవేటు పాఠశాల, ఎరువుల దుకాణం, రైస్ మిల్లు, ఆసుపత్రి వంటి సంస్థలతో చేసుకొనే వార్షిక నిర్వహణ ఒప్పందం. మొదటి రెండింటిలో యంత్రం చెడిపోతేనే ఆదాయం. మూడవదానిలో యంత్రం చెడిపోకుండా ఉంటేనే లాభం. అందువల్ల వార్షిక ఒప్పందం ఇరువురి ప్రయోజనాలనూ ఒకే వైపుకు తెస్తుంది. సేవల రూపంలో వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితే వస్తు సేవల పన్ను కింద నమోదు కావలసి ఉంటుంది. ఆ పరిమితికి లోబడినవారికి కూడా రసీదు పుస్తకం, పని వివరాల నమోదు తప్పనిసరి అనే చెప్పాలి.

గ్రామంలో రుసుము అడగడం కేవలం ఆర్థిక విషయం కాదు. ఖాతాదారు బాబాయి, అన్న, వదిన, మాస్టారు – ఇలా ఏదో ఒక వరుసతో వస్తాడు. వరుస పెట్టి పిలిచినచోట డబ్బు మాట ఎత్తడం కష్టం. "రెండు మీటలు నొక్కినందుకు డబ్బులా?" అనే ప్రశ్న కూడా ఎదురవుతుంది. ఏ రెండు మీటలు నొక్కాలో తెలియడానికి పట్టిన ఏళ్లు ఖాతాదారుకు కనిపించవు. ఈ చిక్కుకు ఆచరణలో ఒక మార్గం ఉంది. గోడమీద ధరల పట్టిక ఉంచి, నిజంగా ఇవ్వలేనివారికి చేసిన పనిని కూడా రసీదులో చూపి, రుసుము వద్ద 'మినహాయింపు' అని రాయడం. అప్పుడు ఉచితం హక్కుగా మారదు, ఆదరణగానే ఉంటుంది.

5. ఖాతాదారు భాష:

సలహాదారు పనిలో సగభాగం వినడమే. ఖాతాదారు చెప్పే మాటకూ యంత్రంలోని లోపానికీ నడుమ ఉన్న దూరాన్ని భాషాదృష్టితో పరిశీలించడం తెలుగు పరిశోధకులకు ఉపయుక్తం.

5.1. 'వచ్చు' ధాతువు విస్తృతి:

"నెట్ రావడం లేదు", "ఓటీపీ రావడం లేదు", "పేరు రావడం లేదు", "ప్రింటు రావడం లేదు", "డబ్బులు రాలేదు" – ఈ ఐదు వాక్యాలలోనూ క్రియ ఒక్కటే. కారణాలు మాత్రం వేరువేరు. మొదటి వాక్యం ఒక్కటే తీసుకొన్నా, సిగ్నల్ లేకపోవచ్చు, డేటా గడువు ముగిసి ఉండవచ్చు, రౌటరు ఆగిపోయి ఉండవచ్చు, అంతా బాగానే ఉండి ప్రభుత్వ సర్వరే పనిచేయకపోవచ్చు. వాక్యాన్ని సరిదిద్దే బదులు దానిని విడదీసే ప్రశ్న వేయాలి: "మరో వెబ్‌సైటు తెరుచుకుంటుందా? పక్కవారి ఫోనులో పనిచేస్తుందా?" ఈ రెండు ప్రశ్నలతోనే కారణాల సంఖ్య చాలావరకు తగ్గిపోతుంది.

5.2. కర్త కనిపించని వాక్యాలు:

ఆంగ్ల నామాలకు, క్రియలకు 'చేయు', 'అవు' చేర్చి తెలుగు క్రియలుగా వాడుకోవడం నేటి వ్యవహారంలో సర్వసాధారణం. 'డిలీట్ చేశాను' అన్నప్పుడు కర్త స్పష్టం. 'డిలీట్ అయిపోయింది' అన్నప్పుడు కర్త అదృశ్యమవుతాడు. 'పోవు' అనే సహాయక్రియ పని పూర్తయిందనే అర్థంతోపాటు అది అవాంఛితమనే ధ్వనిని కూడా ఇస్తుంది. 'ఫైలు పోయింది', 'పాస్‌వర్డ్ మారిపోయింది', 'ఖాతా లాక్ అయిపోయింది' అనే వాక్యాలలో ఖాతాదారు తన గౌరవాన్ని కాపాడుకుంటాడు. అదే సమయంలో కారణం కూడా మరుగున పడుతుంది. "మీరేం నొక్కారు?" అని అడిగితే అది నేరారోపణలా వినిపించి, "నేనేమీ నొక్కలేదు" అనే జవాబు వస్తుంది. "అలా కావడానికి ముందు తెరమీద ఏం కనిపించింది?" అని అడిగితే జరిగినది క్రమంగా బయటపడుతుంది. ఖాతాదారు ఎంచుకొన్న అకర్మక నిర్మాణాన్ని గౌరవిస్తూనే సకర్మక సత్యాన్ని రాబట్టడం ఇక్కడి నేర్పు.

5.3. పేర్ల సమస్య:

ఒకే తెలుగు పేరును రోమన్ లిపిలో పలు విధాలుగా రాసే అలవాటు గ్రామీణ ఖాతాదారుకు అత్యంత ఖరీదైన సమస్యగా మారింది. 'లక్ష్మి' అనే పేరును నడుమ 'కె.ఎస్.హెచ్.' అక్షరాలతో రాసేవారూ, 'ఎక్స్' అక్షరంతో రాసేవారూ ఉన్నారు. 'వేంసూరు' చివరి భాగాన్ని జంట 'ఓ'తో ఒకచోట, 'యు'తో మరొకచోట రాస్తారు. ఇంటిపేరు ముందుండే తెలుగు సంప్రదాయం, పేరు ముందుండాలనే దరఖాస్తు నమూనా, పొడి అక్షరంగానే మిగిలే ఇంటిపేరు – ఇవన్నీ కలిసి ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో మరో పేరు, పట్టాదారు పాసుపుస్తకంలో ఇంకో పేరు ఏర్పడతాయి. చదివే మనిషికి ఈ మూడూ ఒక్కరే. అక్షరాలను పోల్చే యంత్రానికి ముగ్గురు. పీఎం కిసాన్ వంటి పథకాల సొమ్ము గాని, భవిష్యనిధి గాని నిలిచిపోయినప్పుడు సలహాదారు ముందుగా చూడవలసింది ఈ పేర్లనే. ఏ పత్రాన్ని ఆధారంగా తీసుకోవాలి, ఏ వరుసలో మిగిలినవాటిని సవరించాలి అనే క్రమాన్ని కాగితం మీద రాసి ఇవ్వడం ఆయన చేయగల మేలు. వరుస తప్పితే ఒక సవరణ మరో సవరణకు అడ్డవుతుంది.

5.4. ఖతుల సమస్య:

యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే స్థానం లభించింది. అయినా ముద్రణారంగంలో అను వంటి యూనికోడేతర ఖతుల వాడకం దీర్ఘకాలం కొనసాగింది. పాఠశాల ప్రశ్నపత్రం, సంఘం తీర్మానం, సిద్ధాంతవ్యాసం – ఆ ఖతిలో ఉన్నది ఏదైనా ఖతి లేని కంప్యూటరులో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. మార్పిడి సాధనాలు ఉన్నా, ఒత్తులు, అరసున్న, ప్రాచీన పద్యపాఠాల వద్ద మనిషి చూపు తప్పదు. మూలప్రతిని అలాగే ఉంచి, మార్చిన ప్రతిని విడిగా భద్రపరచి, రెండింటినీ సరిచూసిన తరువాతనే పని ముగిసినట్లు భావించాలి.

6. తాళంచెవి ఎవరి దగ్గర?

ఈ వృత్తిలోని అసలు ప్రమాదం యంత్రం చెడిపోవడం కాదు, నమ్మకం చెడిపోవడం. చాలామంది ఖాతాదారులు పాస్‌వర్డును, ఫోనును, ఆధార్ నకలును సలహాదారు చేతిలో పెట్టి నిశ్చింతగా ఉంటారు. సౌకర్యం కోసం ఖాతాదారు దరఖాస్తులో సలహాదారు తన ఫోను నంబరునే ఇవ్వడం ఇందులో అతి సాధారణమైన తప్పుడు పద్ధతి. అప్పటినుండి ప్రతి ఓటీపీ ఆయనకే వెళుతుంది. ఆయన ఊళ్లో లేకపోతే ఖాతాదారు తన సొమ్మును తానే తీసుకోలేడు.

చట్టపరంగానూ ఇది చిన్న విషయం కాదు. ఇతరుల పాస్‌వర్డును లేదా డిజిటల్ సంతకాన్ని మోసపూరితంగా వాడితే సమాచార సాంకేతిక చట్టంలోని 66సి విభాగం కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతికి, సేకరణ ప్రయోజనానికి ప్రాధాన్యం ఇచ్చింది. ఆచరణలో ఈ సూత్రాలు నాలుగు నియమాలుగా కుదురుతాయి. పాస్‌వర్డును ఖాతాదారే టైపు చేయాలి. ఖాతాలో ఖాతాదారు ఫోను నంబరే ఉండాలి. పని ముగిశాక దుకాణం కంప్యూటరులోని పత్రాల నకళ్లను ఖాతాదారు ఎదుటే తొలగించాలి. డబ్బు మోసం జరిగిందని తెలిసిన వెంటనే ఇతర పనులు ఆపి 1930 నంబరుకు ఫోను చేయించాలి. సొమ్ము చేతులు మారేకొద్దీ దానిని నిలుపుదల చేసే అవకాశం తగ్గుతుంది.

7. ముగింపు:

పట్వారీ వ్యవస్థ మీద వచ్చిన విమర్శకు మూలం అతనికి తెలిసినది ఇతరులకు తెలియకపోవడం. సలహాదారు ఖాతాదారు పాస్‌వర్డును తన నోటుపుస్తకంలో దాచుకొంటే, పహాణీ స్థానంలో తెర వచ్చిందే తప్ప సంబంధం మారలేదు. దానికి భిన్నంగా, ప్రతి పని చివర ఏం జరిగిందో, మళ్లీ జరిగితే ఏం చేయాలో తెలుగులో నాలుగు వాక్యాలు రాసి చేతికిస్తే ఖాతాదారు రెండవసారి అదే పనికి రానవసరం లేదు. ఇది జీవనోపాధికి నష్టమనే వాదన ఉంది. నిబంధనలూ సాధనాలూ మారుతున్న కాలంలో కొత్త సమస్యలకు కొదవ లేదు. ధరణి నేర్చుకొన్న రైతు భూభారతి వద్ద మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడ్డాడు. అప్పుడు ఎవరి దగ్గరకు వెళ్లాలనేది గతంలో ఎవరు దాచకుండా చెప్పారనే దానిమీద ఆధారపడి ఉంటుంది.

మండల స్థాయిలో జరిగే ఈ సంభాషణలు సమకాలీన తెలుగు వ్యవహారానికి విలువైన ఆకరాలు. ఖాతాదారుల వ్యక్తిగత వివరాలను తొలగించి, వారి సమ్మతితో వాటిని సేకరించగలిగితే సహాయక్రియల ప్రయోగం, అన్యదేశ్యాల స్వీకరణ, రెండు రాష్ట్రాల సరిహద్దులోని పాలనా పదజాలం వంటి అంశాలపై పరిశోధనకు అవకాశం ఉంటుంది. అటువంటి పరిశోధన ఫలితాలు దరఖాస్తు నమూనాలలోని తెలుగును ప్రజలకు అర్థమయ్యేలా దిద్దడానికి కూడా తోడ్పడతాయి.