మంద కదలకముందే

అమెరికాలో మీ వీధిలో గొలుసు తెంచుకున్న కుక్క తిరుగుతుంటే కౌంటీ యానిమల్ సర్వీసెస్‌కు ఫోన్ చేస్తారు. వెనక పంజరాలున్న ట్రక్కు వస్తుంది. యూనిఫాం మనిషి దిగి, చిప్పు ఉందో లేదో చూసి, కుక్కను ఎక్కించుకుపోతాడు. బనగానపల్లెలో ఆ పేరున్న ఆఫీసు లేదు. అక్కడ ఆ పని ముక్కలుగా పంచి ఉంది. జబ్బులూ టీకాలూ పశుసంవర్ధక శాఖవి, వీధికుక్కలు స్థానిక సంస్థవి, చేనులో అడవిపంది పడితే అటవీ శాఖది. బరువంతా మొదటిదాని మీదే. ఎందుకంటే ఆ నేలలో జంతువంటే ముందు గుర్తొచ్చేది కుక్కా పిల్లీ కాదు. గొర్రె, ఎనుము, ఎద్దు.

పశువుల ఆస్పత్రిలో డాక్టరు చేసే వైద్యం గురించి మనకు కొంత తెలుసు. ఆస్పత్రి గడప దాటాక జరిగే పని గురించి, దాన్ని నడిపించేవాళ్ళ గురించి చెప్పేవాళ్ళు తక్కువ. జిల్లాకొక అధికారి, డివిజనుకు సహాయ సంచాలకులు, మండలంలో పశువైద్యాధికారి, ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడు, వీళ్ళకు తోడు గోపాలమిత్ర. ఈ వరసలో పైకి పోయేకొద్దీ సూది చేతిలోంచి జారిపోయి క్యాలెండరు చేతికొస్తుంది. ఎవరు ఏ రోజు ఏ ఊళ్ళో ఉండాలి, టీకా ఎన్ని గంటలకు ఎక్కడికి చేరాలి అనేదే వాళ్ళ అసలు పని. నన్నడిగితే ఈ ఉద్యోగంలో వైద్యం పావు వంతు, మిగతాదంతా వేళ చూసుకోవడమే.

బనగానపల్లె 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడివడి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. బయటివాళ్ళకు ఆ పేరు మామిడి పండుగానే తెలుసు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఊరివాళ్ళకు మాత్రం నాపరాయి, యాగంటి, అవుకు చెరువు, కంప చెట్ల మధ్య మేసే గొర్రెలు. శ్రీశైలం కుడి కాలువ (ఎస్సార్బీసీ) నీళ్ళొచ్చిన మేర పచ్చబడింది, మిగతాది వాన కోసం చూసే మెట్టే. వాన తప్పిన ఏడు ఇల్లు గడిపేది గొర్రెలే. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్ గొర్రెల సంఖ్య 1.76 కోట్లు. దేశంలో దానికన్నా ముందున్నది తెలంగాణ ఒక్కటే.

గొర్రెలకు టీకా వేయడం ఎంతసేపు అనిపిస్తుంది. దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పారుడు రోగానికి, అంటే పీపీఆర్‌కు వేసే టీకా పొడి రూపంలో వస్తుంది. సీసాలోకి చల్లటి ద్రావకం ఎక్కించి కలిపాక గంటా రెండు గంటల్లో అయిపోవాలి, అంతసేపూ ఐసు మీదే ఉండాలి. ఎండ తగిలిందా, గొర్రెకు ఎక్కేది ఉత్త నీళ్ళే. సీసాలో నూరు డోసులు ఉన్నాయనుకోండి, మందలో నూటముప్పై జీవాలు ఉన్నాయనుకోండి. రెండో సీసా విప్పితే డెబ్బై డోసులు మిగులుతాయి. వాటికి సరిపోయే ఇంకో మంద పక్కనే ఉండాలి, అదీ మేతకు కదలకముందే దొరకాలి. అందుకే మంచి అధికారి ముందురోజు రాత్రే ఏ రొప్పంలో ఎన్ని ఉన్నాయో కనుక్కుని, ఏ మందకు ఏ మందను జత చెయ్యాలో కాగితం మీద వేసుకుంటాడు.

తెల్లవారుజామున ఇంకా మసక చీకటిగా ఉండగానే బండి రొప్పం దగ్గరకు చేరాలి. ముండ్ల కంప పక్కకు లాగి సందు చేస్తారు. ఇద్దరు పిల్లలు గొర్రెలను వెనక కాలు పట్టి సందు దగ్గరికి లాగుతారు. సూది వేసే మనిషి చర్మం పైకి పట్టి ఒక మిల్లీలీటరు ఎక్కిస్తాడు, పక్కవాడు వీపు మీద రంగు గీత పెడతాడు. గీత పెట్టకపోతే వేసినదానికే మళ్ళీ వేస్తారు, వెయ్యనిది తప్పించుకుంటుంది. పొద్దు పైకొచ్చేసరికి కాపరికి ఓపిక అయిపోతుంది. "ఇంగ చాలు సార్, ఆకలికి అరుస్తాండాయి" అంటాడు. అతనిది తప్పు కాదు. ఎండెక్కాక గొర్రె మెయ్యదు.

పొద్దుకున్నట్టే ఏడాదికీ వేళలున్నాయి. తొలకరి పడి లేత గడ్డి మొలిచే నాటికి చిటుక రోగం టీకా అయిపోవాలి. ఈ రోగానిది విచిత్రమైన వరస: మందలో బక్కదాన్ని వదిలి, బాగా మేసి కండపట్టిన పిల్లను పట్టుకుంటుంది. సాయంత్రం గెంతులేసింది తెల్లారేసరికి కట్టెలా పడి ఉంటుంది. పశువులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలూ వానలకు ముందే. గాలికుంటుకు ఏడాదికి రెండుసార్లు. ఈశాన్య రుతుపవనాల్లో చిన్న చిన్న కుట్టుడు కీటకాలు ముసిరే నాటికి నీలినాలుక టీకా. వీటి మధ్య నట్టల మందు తాపడం. ఒక్క వారం జారిందంటే పంచనామాకే పోవాల్సి వస్తుంది.

ఇంత చేసినా మంద ఒకచోట ఉంటేగా. మెట్టలో మేత అయిపోగానే కాపరులు కర్నూలు-కడప (కేసీ) కాలువ కింది మళ్ళకు తోలుకుపోతారు. కోత కోసిన మడిలో మంద కట్టిస్తే భూమికి ఎరువు, కాపరికి నాలుగు డబ్బులు. బనగానపల్లె లెక్కలో ఉన్న గొర్రె ఆ నెలంతా ఇంకో మండలంలో ఉంటుంది, ఆ మండలం వాళ్ళకు అది తమ గొర్రె కాదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ఈ ఊళ్ళోనే గరిమిరెడ్డి అచ్చమ్మ ఆవులు కాశాడనీ, రవ్వలకొండ దగ్గర వాటి చుట్టూ గిరి గీసి తన రాత పనిలో మునిగేవాడనీ, ఆ గిరి దాటి ఒక్క ఆవూ పోయేది కాదనీ చెప్పుకుంటారు. ఆ విద్య శాఖవాళ్ళకు ఎవరూ నేర్పలేదు. వాళ్ళకున్నది కాపరి ఫోన్ నంబరు. పక్క మండలం డాక్టరుతో మాటా మంచీ ఉన్న అధికారికి మంద దొరుకుతుంది, లేనివాడికి రికార్డు మాత్రం దొరుకుతుంది.

సూది వేయించుకోనివాళ్ళను మొండివాళ్ళని రిపోర్టుల్లో రాయడం తేలిక. గాలికుంటు టీకా తర్వాత ఒకటి రెండు రోజులు పాలు తగ్గడం నిజం. ఆ రెండు పూటల పాలడబ్బు మీద బతికే ఇల్లు కూడా నిజమే. "పాలు ఎగ్గొడితే కేంద్రంలో నువ్వు పోస్తావా నాయనా?" అని అడిగే అవ్వ లెక్క తెలిసిన మనిషే. చూడి ఎనుము సూది వల్ల ఈసుకుపోతుందన్న భయం ఇంకోటి. కసిరితే ఆ అవ్వ పశువును చేలోకి తోలేస్తుంది. పాలు మళ్ళీ వస్తాయని, కుంటు వస్తే మాత్రం ఈత మొత్తం పోతుందని, డెక్క ఊడిన ఎద్దు సేద్యానికి రాదని కూర్చుని చెప్పాలి. గంటకు ఇన్ని డోసులని లక్ష్యం పెట్టిన చోట ఈ మాటలకు టైముండదు. లక్ష్యాలు వేసేవాళ్ళు ఈ పది నిమిషాలను కూడా లెక్కలో వేస్తే బాగుండునని నా కోరిక.

గాలికుంటుతో అమెరికా పేచీ 1929తోనే తీరిపోయింది. అదే ఆ దేశంలో ఆఖరి విజృంభణ. బ్రిటన్‌లో 2001లో తిరిగొస్తే అరవై లక్షలకు పైగా జీవాలను చంపేసి ఆపారు. రెండెద్దులే ఆస్తి అయిన చోట ఆ పద్ధతి ఊహకు కూడా అందదు. అందుకే మనది టీకా దారి. 2019 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం గాలికుంటునూ, ఈసుడు రోగమైన బ్రూసెల్లోసిస్‌నూ కలిపి పట్టుకుంది. పశువు చెవికి పన్నెండంకెల పసుపు బిళ్ళ వచ్చింది కూడా ఈ లెక్క కోసమే.

ఈ దారి పనిచేస్తుందా అంటే ఒక పెద్ద సాక్ష్యముంది. రిండర్‌పెస్ట్ అనే మహమ్మారి ఊరికి ఊరు ఎద్దుల్ని ఊడ్చేసేది. దాని మీద దేశవ్యాప్త టీకా కార్యక్రమం 1954లో మొదలైంది. దశాబ్దాలు సూదులు పడ్డాయి, జబ్బు తగ్గిందే గానీ పోలేదు. 1990లలో పద్ధతి మారింది. టీకాలు అందరికీ వేస్తూ పోవడం కాకుండా, జబ్బు ఎక్కడ దాగిందో వెతకడం మొదలుపెట్టారు. సిబ్బంది ఊరూరూ తిరిగి, కళ్ళనుంచి నీరు కారే పశువుందా, నోట్లో పుండ్లున్నాయా, పారుతోందా అని అడిగి రాసుకోవాలి. ఆఖరికి టీకానే ఆపేశారు, దాగిన జబ్బేదైనా ఉంటే బయటపడాలని. మన దేశంలో చివరి కేసు 1995లో. విముక్తి ప్రకటన 2006లో. ప్రపంచం మొత్తం నుంచి పోయిందని 2011లో తేల్చారు. మశూచి తర్వాత మనిషి భూమ్మీద లేకుండా చేసిన రెండో జబ్బు ఇది. ఆ విజయంలో ఎక్కువ భాగం "ఈ ఊళ్ళో లేదు" అని రాసిన కాగితాలు. ఊరికి పోకుండా రాసిన "లేదు"కూ పోయి రాసిన "లేదు"కూ కాగితం మీద తేడా కనపడదు. ఆ తేడా పట్టగలిగినవాడే ఆ రోజుల్లో మంచి అధికారి. పీపీఆర్‌ను 2030 నాటికి ఇలాగే సాగనంపాలని ప్రపంచ సంస్థలు పెట్టుకున్నాయి. అదే వెతుకులాట మళ్ళీ రావాలి, ఈసారి గొర్రెల్లో.

ఇక 1962. మనుషులకు 108 ఎలాగో పశువులకు ఈ నంబరు. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2022 మేలో బండ్లు వచ్చాయి. ఆంధ్రలో మొదట నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175. లేవలేని ఎనుమును ఎత్తి బండిలోకి చేర్చే హైడ్రాలిక్ ఏర్పాటు వాటిలో ఉంది. ఈనలేక అల్లాడే ఆవున్న ఇంటికి ఆ బండి దేవుడే. అయితే బండి పశువుకు జబ్బు చేశాక వచ్చేది. ముద్దచర్మ వ్యాధి వ్యాపించిన 2022లో ఊళ్ళను కాపాడింది ఎక్కువగా మేకల మశూచి టీకా పట్టుకుని ముందే తిరిగినవాళ్ళు.

కుక్కల సంగతి చెప్పకపోతే కథ సగమే. జంతు జనన నియంత్రణ నిబంధనలు, 2023 ప్రకారం వీధికుక్కల ఆపరేషన్లూ టీకాలూ స్థానిక సంస్థల బాధ్యత, కత్తి పట్టే డాక్టరు మాత్రం పశువైద్యుడు. అమెరికా 2007లో కుక్కల రేబిస్ రకాన్ని వదిలించుకుంది గనక మీ పిల్లలకు ఈ భయం తెలియదు. బనగానపల్లె పక్క పల్లెలో పిచ్చికుక్క ఎనుమును కరిస్తే కొన్ని వారాలకో నెలలకో అది మేత మాని చొంగ కారుస్తూ గొంతు మారి అరుస్తుంది. గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని రైతు నోట్లో చెయ్యి పెడతాడు. ప్రమాదమంతా ఆ చేతిలో ఉంది. తొడుగు లేకుండా డాక్టరు పెట్టినా అంతే. అప్పుడు అధికారి పని పశువు దగ్గర అయిపోయి మనుషుల దగ్గర మొదలవుతుంది: ఎవరు ముట్టారు, ఎవరికి చొంగ తగిలింది, పచ్చిపాలు ఎవరు తాగారు, అందరినీ ఆ రోజే ఆస్పత్రికి పంపాలి. అక్కడినుంచి ఒక్క సూది కూడా తప్పకుండా చూసుకోవాలి.

ఊరికి ఏదైనా చెయ్యాలని అమెరికాలోని మన తెలుగు సంఘాల్లో మాట వచ్చినప్పుడల్లా భవనమో కమానో ముందుకొస్తుంది. పశువుల వైపు చూసేవాళ్ళు ముందు రైతు సేవా కేంద్రానికి పోయి, కరెంటు పోతే టీకాల ఫ్రిజ్ ఎంతసేపు చల్లగా ఉంటుందో అడగండి. ఐసు పెట్టెలు చాలినన్ని ఉన్నాయా, వేసవిలో కాపరుల దారి పొడవునా నీటి తొట్లు ఉన్నాయా, పొలాల్లో తిరిగే సిబ్బంది ముందస్తు రేబిస్ టీకా వేయించుకున్నారా, మోచేతి దాకా వచ్చే తొడుగులున్నాయా అడగండి. దాత పేరు చెక్కించడానికి వీటిలో చోటు తక్కువ. తొడుగుల పెట్టె మీద రాయించుకోవచ్చు గానీ, ఈతల కాలంలో అది నెల కూడా ఆగదు.