షుగర్ ఉన్నవారికి మూత్ర పరీక్ష ఎందుకు?

"సిస్టర్, నాకు మూత్రం బాగానే వస్తోంది. మంట లేదు, కాళ్ళవాపు లేదు. మళ్ళీ ఈ పరీక్ష ఎందుకు?" షుగర్ కోసం వచ్చేవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఏ బాధా లేనప్పుడే ఈ పరీక్ష చేయించుకోవాలి. వాపు కనిపించేసరికి మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉండవచ్చు.

మూత్రంలోకి ప్రోటీన్ ఎలా వస్తుంది?

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సన్నని వడపోత భాగాలు ఉంటాయి. అవి టీ వడకట్టే జాలీలాగా పనిచేస్తాయి. మలినాలను బయటికి పంపి, అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను రక్తంలోనే ఉంచుతాయి. షుగర్, బి.పి. ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే ఈ జాలీ పాడై అల్బుమిన్ కారిపోతుంది. మొదట్లో అది ఎంత కొంచెమంటే, మామూలు స్ట్రిప్ పరీక్షలో కూడా తెలియకపోవచ్చు.

ఏ పరీక్ష చేయించాలి?

దీనికి "అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి" అనే పరీక్ష ఉంది. కొంచెం మూత్రం ఇస్తే చాలు, ఉదయం మొదటిసారి పోసినది అయితే మంచిది.

• 30 కంటే తక్కువ: మామూలు
• 30 నుండి 300: ప్రమాద సూచన
• 300 పైన: ఎక్కువ నష్టం
(గ్రాము క్రియాటినిన్‌కు మిల్లీగ్రాములలో)

టైప్ 2 షుగర్ వారు జబ్బు తెలిసిన రోజు నుండే, టైప్ 1 వారు 5 ఏళ్ళు నిండినప్పటి నుండి, ప్రతి ఏటా ఈ పరీక్షతోపాటు రక్తంలో క్రియాటినిన్ కూడా చూపించుకోవాలి.

ఒక్కసారి ఎక్కువ వచ్చిందని కంగారుపడకండి. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, బహిష్టు, ముందురోజు చేసిన కఠిన వ్యాయామం వల్ల కూడా పెరగవచ్చు. 3 నుండి 6 నెలల్లో మూడుసార్లు చూసి, రెండుసార్లు ఎక్కువ ఉంటేనే నిర్ధారిస్తారు.

గుండెకు కూడా హెచ్చరికే

డెన్మార్క్ వైద్యుడు మోగెన్సెన్, టైప్ 2 షుగర్ రోగులలో మూత్రంలో కొద్దిపాటి అల్బుమిన్ ఉన్నవారికి త్వరగా మరణించే ప్రమాదం ఎక్కువని 1984లోనే చూపించారు. గుండెపోటు, పక్షవాతం ముప్పును కూడా ఇది ముందుగా చెబుతుంది. అందుకే ప్రోటీన్ కనబడితే గుండె, కంటి పరీక్షలు కూడా అవసరం.

మీరు చేయవలసినవి

1. షుగర్, బి.పి. అదుపులో ఉంచుకోండి. బి.పి. 130/80 లోపు ఉండడం చాలామందికి మంచిది.
2. "బి.పి. తగ్గింది కదా" అని మాత్రలు మానకండి. లోసార్టాన్ వంటివి ప్రోటీన్ కారడాన్ని కూడా తగ్గిస్తాయి. 2001లో వచ్చిన పరిశోధనలు ఇవి మూత్రపిండాల నష్టాన్ని నెమ్మదింపజేస్తాయని చూపాయి. ఇప్పుడు డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులూ ఉన్నాయి. గర్భిణీలు, గర్భం కోరుకునేవారు మాత్రం ముందే డాక్టరుకు చెప్పాలి.
3. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా మించకూడదు. ఆవకాయ, అప్పడాలలోని ఉప్పూ ఈ లెక్కలోదే.
4. మోకాళ్ళ నొప్పులకు దుకాణంలో సొంతంగా మాత్రలు కొని మింగకండి. ఏమి కలిపారో తెలియని భస్మాలూ వద్దు.
5. బీడీ, చుట్ట, సిగరెట్ మానండి.

ఈరోజే మీ ఫైలు తీసి చూడండి. చివరిసారి మూత్రంలో అల్బుమిన్ పరీక్ష ఎప్పుడు జరిగింది? ఏడాది దాటితే, ఈసారి వచ్చినప్పుడు మొహమాటపడకుండా మీరే అడగండి.