లైకెన్ మీద బతికే శిలీంద్రానికి పేరు మారింది

పలావులో వేసే రాతిపువ్వు చూశారు కదా? అది పువ్వు కాదు, లైకెన్. ఒక శిలీంద్రం, ఒక శైవలం కలిసి కాపురం చేస్తే లైకెన్ అవుతుంది. ఈ కాపురంలోకి మూడోవాడు కూడా వస్తాడు! లైకెన్ల మీదే బతికే శిలీంద్రాలు చాలా ఉన్నాయి.

అస్నియా అనే లైకెన్ చెట్టుకొమ్మలకి గడ్డంలా వేలాడుతుంది. దానిమీద ఒక శిలీంద్రం చిన్న చిన్న బుడిపెలు కట్టిస్తుంది. 1996లో దానికి సిస్టోబేసిడియం అస్నీకోలా అని పేరు పెట్టారు. మొదటిది ప్రజాతి, అంటే ఇంటిపేరు లాంటిది. రెండోది జాతి. లాటిన్‌లో ‘కోలా’ అంటే ఉండేవాడు. తాగే కోలా కాదు!

తర్వాత డి.ఎన్.ఏ. పరీక్ష చేస్తే, ఇది ఆ ఇంటికి దగ్గరి చుట్టం కాదని తేలింది. 2016లో మిలానెస్, డీడెరిక్, వెడిన్ అనే ముగ్గురు సైఫోబేసిడియం అనే కొత్త ప్రజాతిని ఏర్పాటు చేసి దీన్ని అందులోకి మార్చారు. ‘అస్నీకోలా’ మాత్రం పోలేదు. పైగా మొదట పేరు పెట్టిన డీడెరిక్, ఆల్‌స్ట్రప్‌ల పేర్లు పక్కనే బ్రాకెట్లో రాస్తారు. అది రూలు.

నన్ను ఒకటో తరగతిలో చేర్చినప్పుడు సారు రిజిస్టర్లో వేరే పేరు రాశారు. మా అవ్వ పెట్టిన పేరుకి బ్రాకెట్ కూడా లేదు.